బరంపురం తడికల దుకాణం: ‘కాల్పు సరుకు’కు ఎక్కువ ధర పెట్టవచ్చునా?

బరంపురం పెద్ద బజారు వెనక, వెదురు గడలూ కొబ్బరితాళ్లూ చేటలూ అమ్మే వరుసలో, పేరుపలక లేని ఒక తడికల దుకాణం ఉంది. గిరిసోల నుంచి ఛత్రపూర్ దాకా రహదారి పొడవునా ఉన్న తెలుగు కుటుంబాలలో, వసారాకు తడిక కట్టించాలన్నా పశువుల పాక కప్పించాలన్నా ఇక్కడికే వెళ్లమని చెప్పేవారు ఎక్కువ. కిక్కస (చిత్తడి పల్లాలలో వెదురులా గెడలు వేసి పెరిగే పొడవాటి గడ్డి) తడికలు, కప్పుకు పనికివచ్చే కిక్కస కట్టలు, జమ్ము చాపలు, తుంగ చాపలు ఇక్కడ దొరుకుతాయి. కావాలంటే కప్పు నేసే మనుషులను కూడా దుకాణం వారే పంపుతారు. యజమానిది సోంపేట వైపు నుంచి రెండు తరాల కిందట వచ్చిన కుటుంబం. బేరం తెలుగులో మొదలై, లెక్క దగ్గరికి వచ్చేసరికి ఒడియాలోకి మారిపోతుంది.

ఈ దుకాణంలో మిగతా చోట్ల కనిపించని పద్ధతి ఒకటి ఉంది. కిక్కసను ‘కాల్పు సరుకు’, ‘మామూలు సరుకు’ అని రెండు రకాలుగా వేరుచేసి, మొదటిదానికి నాలుగో వంతు ఎక్కువ ధర తీసుకుంటారు. క్రిందటి చలికాలంలో నిప్పు పెట్టిన పల్లంలో ఆ తరువాత పెరిగి, ఈ చలికాలంలో కోతకు వచ్చిన గెడ కాల్పు సరుకు. కాల్చినచోట గడ్డి బలంగా, ఏకంగా, పురుగు లేకుండా వస్తుందని యజమాని వాదన. ఆ వాదన ఎంతవరకు నిజం, ఆ ఎక్కువ ధర దేనికి పెట్టవచ్చు, దేనికి పెట్టకూడదు అన్నది ఈ సమీక్షలో ముఖ్యాంశం; ఎందుకంటే దుకాణం గురించి మిగతా విషయాలు, అంటే మర్యాద, తూకం, మాట నిలుపుకోవడం వంటివి, ఈ బజారులో మరో నాలుగు దుకాణాలలోనూ ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

తడికలకు కాల్పు సరుకు కొనడం మంచిది. కప్పుకు దానికోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు. పైగా కాల్పు సరుకు అన్నంత మాత్రాన సరిపోదు, ఎప్పుడు కాల్చారో అడిగి తెలుసుకోకపోతే అదే ధరకు నాసిరకం సరుకు అంటగట్టించుకునే అవకాశం కూడా ఉంది.

దుకాణంలో అడుగుపెట్టగానే కుడివైపు గోడకు ఒక కిక్కస దుబ్బు వేళ్లతో సహా వేలాడదీసి ఉంటుంది. గిరాకీకి చూపించడానికే దాన్ని పెట్టారు. దగ్గరగా చూస్తే నేల లోపల అడ్డంగా పాకే లావాటి కొమ్ము, బొటనవేలంత మందంతో, లేత పసుపు రంగులో, కణుపు కణుపుకూ చిన్న మొగ్గతో కనిపిస్తుంది. దానిమీద అంగుళం, రెండంగుళాల ఎత్తున బొగ్గుగా మారిన పాత మోళ్లు నిలిచి ఉంటాయి. ఆ మోళ్ల పక్కనుంచి, వాటిని తాకుతూ, కొత్త గెడలు నిటారుగా లేచి ఉంటాయి. మోడును గోటితో గీరితే మసి వస్తుంది గానీ, దాని అడుగున ఉన్న కొమ్ముకు సెగ తగిలిన ఆనవాలు ఉండదు. పల్లపు గడ్డి మంటకు ఎందుకు చావదో చెప్పడానికి ఆ ఒక్క దుబ్బు చాలు. బతకవలసినదంతా బురద కింద ఉంటుంది; తడి నేలలోకి మంట వేడి కొద్ది అంగుళాలకు మించి దిగదు.

“పాత ఎండుగెడ ఉన్నంతసేపు కొత్త పిలకకి ఎండ తగల్దండి మాస్టారూ. అగ్గెట్టీసినామనుకోండి, నేల నల్లగయిపోద్ది, ఎచ్చగుంటాది, పిలకలు జమాయించి లేస్తాయి” అని యజమాని చెప్పే మాటలో శాస్త్రం చాలావరకు ఉంది. కోయకుండా వదిలేసిన పల్లంలో రెండు మూడేళ్ల ఎండు ఆకు, విరిగిన గెడ, ఒరలు దట్టమైన పొరగా పేరుకుంటాయి. ఆ పొర వెలుతురును ఆపుతుంది, నేలను చల్లగా ఉంచుతుంది, పిలకను అడ్డుకుని వంకర తిప్పుతుంది. మంట ఆ పొరను ఒక్క పూటలో తొలగిస్తుంది. నల్లబడిన నేల ఎండను ఎక్కువగా పీల్చుకుంటుంది కనుక మొగ్గలు ముందుగా కదులుతాయి, ఒకేసారి కదులుతాయి. ఏకకాలంలో లేచిన పిలకలు ఏక ఎత్తుకు, ఏక లావుకు వస్తాయి. తడిక నేసేవారికి కావలసింది సరిగ్గా ఇదే.

బలం మాట మాత్రం సగమే నిజం. కాల్చడంవల్ల నేలకు ఎరువు పడుతుందని ఇక్కడి రైతులలో గట్టి నమ్మకం ఉంది. బూడిదలో పొటాష్, భాస్వరం, సున్నం మిగులుతాయి, వాటిని మొదటి వాన నేలలోకి దింపుతుంది. కాని ఆకులో ఉన్న నత్రజని చాలావరకు పొగతోపాటు గాలిలో కలిసిపోతుంది. అయినా అలా పోయే నత్రజని మొత్తంమీద తక్కువే, దానికి కారణం ఉంది. చలికాలం వచ్చేసరికి కిక్కస తన ఆకులలోని పోషకాలను, పిండిపదార్థాన్ని కొమ్ములోకి దించుకుని ఉంటుంది, పైన మిగిలినది ఎండిన డొల్ల. అందుకే పుష్యమాఘాలలో పెట్టిన నిప్పువల్ల గడ్డి నష్టపోయేది స్వల్పం. అదే నిప్పు చైత్రంలోనో వైశాఖంలోనో పెడితే కథ మారుతుంది, అప్పటికి కొమ్ములోని నిల్వ పిలకల్లోకి ఎక్కి ఉంటుంది.

ఈ తేడామీద నెదర్లాండ్స్‌లో డచ్చి శాస్త్రవేత్తలు కిక్కస జాతి గడ్డినే తీసుకుని చేసిన పరిశోధన 1982లో అచ్చయింది. నిప్పు, మంచు, పురుగు అనే మూడు దెబ్బలకు గెడల సంఖ్య, పరిమాణం ఎలా మారతాయో వారు పరిశీలించారు. మంచు దెబ్బ సంగతి బరంపురం ఉన్న గంజాం జిల్లాకు ఎలాగూ వర్తించదు. మిగతా రెండూ వర్తిస్తాయి. పిలకలు లేస్తున్న సమయంలో మంట తగిలితే మొదటి పిలకలు మాడిపోయి, వాటి స్థానంలో ఎక్కువ సంఖ్యలో, కాని సన్నటి పిలకలు వస్తాయి. కాండం తొలిచే ఒక రకం చిమ్మట చలికాలమంతా పాత గెడలలోనే గుడ్ల రూపంలో దాగి ఉంటుంది; ఆ గెడలు కాలిపోతే గుడ్లూ పోతాయి, మరుసటి పంటలో తొలిచిన గెడలు తగ్గుతాయి. అక్కడి పురుగు జాతి, ఇక్కడి పురుగు జాతి ఒకటే కానక్కరలేదు. అయినా ఈ దుకాణంలో రెండు రకాల కట్టలు విప్పి పక్కపక్కన పరిస్తే, సూదిబెజ్జాలు పడిన గెడలు మామూలు కట్టలో స్పష్టంగా ఎక్కువ.

ఇక సరుకు సంగతి. కాల్పు సరుకు కట్టలోంచి ఒక గెడ తీసి నఖంతో ఒర ఒలిస్తే లోపలి తోలు గడ్డివాము రంగులో, మచ్చ లేకుండా మెరుస్తుంది. వంచితే కొంతదూరం వంగి, ఆ తరువాత ‘టక్’మని ఒక్క చప్పుడుతో విరుగుతుంది. మామూలు సరుకులో అలాంటివి సగం ఉంటాయి, మిగతా సగం బూడిదరంగు తిరిగిన నిరుటి గెడలు. వాటిని వంచితే చప్పుడు లేకుండా నలిగిపోతాయి, కణుపుల దగ్గర నల్లటి బూజు చారలు కనిపిస్తాయి. దుకాణం వెనక పంచలో తడికలు నేసే పెద్దావిడ ఈ తేడాను చూడకుండానే చెబుతుంది. “సెయ్యెడితే తెల్దేటి బాబూ? ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి పుచ్చు. నేత ఒప్పదు” అని ఆమె మామూలు కట్టను పక్కకు నెట్టేసింది.

కాల్పు సరుకుతో నేసిన తడికలను పడమటి వసారాకు కట్టించి రెండు వేసవులు గడిచాయి. ఎండకు రంగు వెలిసింది గానీ గెడలు విరగలేదు, నేత వదులు కాలేదు. పొరుగింటివారు అదే దుకాణంలో మామూలు సరుకుతో చేయించిన తడికలలో తొలి వానాకాలానికే నిరుటి గెడలు పుచ్చి ఊడిపోయి, అక్కడక్కడ వేలు దూరేంత సందులు ఏర్పడ్డాయి. తడికలో ప్రతి గెడా పక్క గెడమీద ఆధారపడి నిలుస్తుంది, ఒకటి పోతే తాడు వదులై పక్క రెండూ కదులుతాయి. కనుక తడికకు సమానమైన గెడ తప్పనిసరి, దానికి నాలుగో వంతు ఎక్కువ పెట్టడం దండగ కాదు.

అయితే ఇక్కడే కొనుగోలుదారు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. నిరుడు శుభ్రంగా మొదలంటా కోసిన పల్లంలో కూడా ఈ ఏడు వచ్చేది ఏడాది గెడే కదా? అక్కడా పాత గెడ కలవదు కదా? ఈ మాట అడిగితే యజమాని కాస్త నవ్వి, నిజమేనని ఒప్పుకున్నాడు. అతని మామూలు సరుకులో రెండు రకాల పల్లాల గడ్డి ఉంటుంది: కూలీలు దొరక్క కోయకుండా వదిలేసినవి ఒకటి, ఏటేటా కోతపడేవి మరొకటి. రెండో రకం కట్టలను ఏరి ఇమ్మంటే ఇస్తాడు, ధర పెంచడు. ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్ ప్రాంతంలో కప్పుల కోసం కిక్కస పెంచేవారు కూడా ఏటేటా కోసే పల్లాన్ని, రెండేళ్లకొకసారి కోసే పల్లాన్ని వేరువేరు సరుకులుగానే లెక్కగడతారు. అంటే గెడ శుభ్రంగా రావడానికి అసలు కారణం పాతది తొలగిపోవడం. దాన్ని కొడవలి తొలగించినా నిప్పు తొలగించినా ఆ మేరకు ఫలితం ఒకటే. నిప్పు అదనంగా చేసేది, కొడవలికి అందని రాలుటాకును, పురుగు గుడ్లను కూడా పోగొట్టడం. ఆ అదనపు లాభానికి నాలుగో వంతు ధర ఎక్కువే అనిపించేవారు, నిరుడు కోసిన పల్లపు కట్టలు ఏరి తీసుకోవచ్చు. ఈ సంగతి దుకాణంవారు తమంతట తాము చెప్పరు. అది వ్యాపారం, తప్పుపట్టడానికి లేదు.

కప్పు విషయానికి వస్తే నా అభిప్రాయం వేరు. ఏటేటా వరుసగా కాల్చిన పల్లంలో గెడలు ఎక్కువగా, కాని సన్నగా వస్తున్నాయని దుకాణానికి సరుకు కోసి తెచ్చే మనుషులే చెబుతారు. సన్నగెడ తడికకు సొగసు. కప్పుకు మాత్రం గోడ మందంగా ఉన్న లావుపాటి గెడ కావాలి, వానధార దానిమీదుగా జారిపోవాలి. కప్పులో కొద్దిపాటి పాత గెడ కలిసినా అంత నష్టం లేదు, ఎందుకంటే అది పొరల మధ్య అణిగి ఉంటుంది, వాన తగిలేది పై పొరకూ చూరు అంచుకూ మాత్రమే. పశువుల పాకకు అడుగున మామూలు సరుకు, పై పొరకు నిరుడు కోసిన పల్లపు సరుకు వేయించడం చవకగానూ నమ్మకంగానూ కుదిరింది. నేతగాళ్లు చెప్పిన రోజుకు కాక ఆలస్యంగా వచ్చారు, అందువల్ల వాసాలు, దబ్బలు కట్టి ఉంచిన పాక కొన్నాళ్లు ఎండలో పడి ఉంది. వచ్చాక మాత్రం పని మెచ్చుకోదగినదిగా ఉంది. చూరు దగ్గర గెడల మొదళ్లను బల్లతో కొట్టి సమం చేసిన తీరు, నడికొప్పును రెల్లు జడలతో ముడివేసిన తీరు, పాత చుట్టిళ్లు కప్పిన చేతులవే అనిపించాయి.

గాలివాన సంగతి చెప్పకుండా ఈ ప్రాంతంలో కప్పు గురించి రాయలేము. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఈ చుట్టుపక్కల గడ్డి కప్పులు మిగలలేదు. ఆ తరువాత చాలామంది రేకులకు మారారు. నివాసపు ఇంటికి కిక్కస కప్పు వేయించమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. పశువుల పాకకు, పెరటి పందిరికి, వసారా పొడిగింపుకు మాత్రం రేకు కింద ఉండే ఉక్కను తలుచుకుంటే ఇప్పటికీ ఇదే మేలు.

జమ్ము చాపలది వేరే లెక్క. జమ్ము మీద నిప్పు ప్రభావం నీటిమట్టాన్నిబట్టి పూర్తిగా తలకిందులవుతుంది. ఈ మొక్క కాండంలో, ఆకులలో గాలి గదులుంటాయి. బురదలో గాలి ఆడని చోట ఉన్న కొమ్ముకు ప్రాణవాయువు ఆ గదుల గుండానే దిగుతుంది, చివరకు ఎండిపోయిన మోడు కూడా గొట్టంలా ఆ పని చేస్తుంది. కాల్చిన తరువాత మోళ్లు నీటిపైన ఉంటే కొమ్ము ఊపిరి పీల్చుకుంటూ కొత్త పిలకలు వేస్తుంది. కాల్చిన వెంటనే నీరు పెరిగి మోళ్లు మునిగిపోయాయో, గొట్టం మూసుకుపోయినట్లే, కొమ్ము కుళ్లుతుంది. చిత్తడి నేలల్లో జమ్ము పెరిగిపోయి ఇబ్బంది పెట్టే దేశాలలో దాన్ని తగ్గించడానికి, కోసి లేదా కాల్చి ఆ వెంటనే నీరు నింపే పద్ధతిని అనుసరిస్తారు. అమెరికాలోని ఎవర్‌గ్లేడ్స్ జాతీయ ఉద్యానపు చిత్తడి నేలల్లో విస్తారంగా పెరిగే రంపపుటంచు తుంగ కూడా అంతే. దాని పెరుగుదల మొగ్గ ఆకుల మొదళ్ల మధ్య భద్రంగా ఉంటుంది కనుక మంట తరువాత త్వరగా చిగురిస్తుంది, కాని చిగురు పైకి లేవకముందే వరద ముంచితే చనిపోతుంది. ఆ జాతీయ ఉద్యానంలో 1958 నుంచే నియమిత దహనం, అంటే అధికారులే లెక్కప్రకారం నిప్పు పెట్టే పద్ధతి, అమలులో ఉంది. నీరు ఎప్పుడు పెరుగుతుంది, కింద పీటు నేల (సగం కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడిన నేల) ఎంత తడిగా ఉంది అన్నవి చూసుకోకుండా అక్కడ నిప్పు పెట్టరు, ఎందుకంటే ఎండిన పీటుకు అంటుకుంటే వేళ్లతో సహా నేలే కాలిపోతుంది.

ఈ కారణంచేత జమ్ము చాపకు ‘కాల్పు’ అనే ముద్ర ఏ హామీ ఇవ్వదు. రుషికుల్య కాలవల కింద ఉన్న చెరువులలో, మాఘంలో కాల్చిన తరువాత రబీకి నీరు వదిలితే అంచు జమ్ము పల్చబడుతుంది, ఆ ఏడు చాపలకు సరుకే ఉండదు. నీరు వదలని ఏడు దట్టంగా వస్తుంది. దుకాణంవారు జమ్ము చాపలకు కాల్పు ధర అడగకపోవడం వారి నిజాయితీకి నిదర్శనం. చాపలు మెత్తగా, వెడల్పుగా ఉన్నాయి. వానాకాలంలో చుట్టి అటకమీద పెడితే మాత్రం చెద పడుతుంది, గోడకు నిలబెట్టి గాలి ఆడనివ్వాలి. తుంగ చాపలు సన్ననేత, రంగు అంచులతో బాగున్నాయి. తుంగ లేత కాడగా ఉన్నప్పుడే కోసి చీల్చి ఎండబెట్టేది కనుక అక్కడ నిప్పు ప్రసక్తే లేదు.

ఫిర్యాదు కూడా ఒకటి చెప్పాలి. పెరటి దడికోసం రెండోసారి తెప్పించిన కాల్పు సరుకు మొదటిదానిలా లేదు. గెడలు పెన్సిలు కంటే సన్నగా, కట్టలో లెక్కకు మిక్కిలిగా, చాలావరకు మొదలు దగ్గర వంకరగా ఉన్నాయి. ఒర ఒలిస్తే మచ్చ లేదు, పుచ్చు లేదు, అయినా దడి కట్టిన కొద్ది వారాలకే నడుము వంగిపోయింది. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆ పల్లానికి నిప్పు పెట్టింది ఉగాది దాటిన తరువాత. అప్పటికి పిలకలు మోకాలెత్తు ఉన్నాయి. పశువుల కాపరులు లేతమేత కోసం పెట్టిన మంట అది, దుకాణానికి సరుకు కోసేవారు పెట్టింది కాదు. డచ్చి పరిశోధనలో చెప్పిన ఎక్కువ గెడలు, సన్నగెడలు అన్నమాటను ఆ కట్టలో కళ్లారా చూడవచ్చు. కాపరికి అది లాభమే, అతనికి కావలసింది లేత ఆకు. తడికకు మాత్రం పనికిరాదు. అలాంటి సరుకును కూడా కాల్పు ధరకే అమ్మడం దుకాణం చేసిన పొరపాటు. చెప్పగానే యజమాని వాదించకుండా ధర తేడా వెనక్కి ఇచ్చాడు, దడి మళ్లీ కట్టిన కూలి మాత్రం ఇవ్వలేదు.

ఇంత మంటకు గురయ్యే పల్లాలలో బతికే ప్రాణుల మాటేమిటని అడగకుండా కొనడం నాకు ఇష్టం లేదు. వానాకాలంలో గూళ్లు కట్టే నీటికోళ్లకు పుష్యమాఘాల మంట నేరుగా తగలదు. తాబేళ్లకు, పాములకు, చలికాలంలో ఆ గడ్డిలోనే తలదాచుకునే వలస పిట్టలకు తగులుతుంది. కజిరంగాలో చలికాలపు చివరి నెలల్లో పొడవాటి గడ్డిని విడతలు విడతలుగా కాలుస్తారు, ఖడ్గమృగాలకూ జింకలకూ లేతమేత వస్తుంది, చెట్ల మొలకలు గడ్డిమైదానాన్ని ఆక్రమించకుండా ఆగుతాయి; కాని ఆ పని అటవీశాఖ తన నిర్ణయంతో చేసేది. మనకు దగ్గరలోని చిలికాలో, నలబణ దీవి పక్షుల అభయారణ్యం. అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షను నిషేధించింది. అక్కడినుంచి గాని, ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో ఉన్న తంపరా సరస్సు అంచునుంచి గాని తమ సరుకు రాదని, ఊరి చెరువుల కింద పట్టా పల్లాలనుంచే వస్తుందని దుకాణంవారు చెప్పారు. పల్లాన్ని మూడు ముక్కలు చేసి ఏటా ఒక ముక్కనే కాలుస్తామని, మిగతా రెండు ముక్కలలో ఒకటి కోతకు, ఒకటి వదిలివేతకు ఉంచుతామని కూడా అన్నారు. ఆ పల్లాలలో ఒకదాన్ని రహదారి గట్టుమీదనుంచి చూశాను, మాట నిజమే; నల్లటి ముక్క, మోళ్ల ముక్క, తలలు ఊపుతున్న తెల్లటి పూల ముక్క వేరువేరుగా కనిపించాయి.

మూడేళ్లకొకసారి అన్న ఆ వంతు గడ్డికి కూడా మంచిదే. ఏటేటా కాలిస్తే రాలుటాకు నేలలో కలిసే అవకాశమే ఉండదు, గెడ సన్నబడుతుంది. అసలే తొలగించకపోతే పాతగెడలో కొత్తగెడ ఊపిరాడక చిక్కుతుంది. రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గరి కేవలాదేవ్ జాతీయ ఉద్యానంలో 1982లో గేదెల మేతను ఆపేశాక నీటిగడ్డి విపరీతంగా పెరిగి మడుగులను కమ్మేసింది. తొలగించే చేయి ఏదో ఒకటి, కొడవలో పశువో నిప్పో, ఈ గడ్డికి అవసరమే. అన్నిటికంటే మించినది మాత్రం నీరు. చిలికాకు 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వి సముద్రపు నీరు రానిచ్చాక, అంతకుముందు ఉప్పు తగ్గి వ్యాపించిన మంచినీటి కలుపు చాలాచోట్ల వెనక్కి తగ్గింది. అంత పని ఏ మంటా చేయలేకపోయేది.

కొనదలచినవారికి కొన్ని మాటలు. కాల్పు సరుకు అడిగినప్పుడు ఏ నెలలో కాల్చారో అడగండి. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య అయితే తీసుకోండి, ఉగాది దాటితే వద్దనండి. చెప్పినమాట సరిచూసుకోవడానికి కట్ట నడుమనుంచి గుప్పెడు గెడలు లాగి, లావు చూడండి. చిటికెనవేలంత లావు ఉండి ఒకదానికొకటి సమంగా ఉంటే సరైన కాల్పు. కట్ట పైవరుసలో మంచి గెడలు పేర్చడం ఈ బజారులో అందరికీ ఉన్న అలవాటు, నడుమ చూడందే లాభం లేదు. కట్టను ఎత్తి నేలకు కొట్టి చూడండి, పొడి రాలితే పురుగు ఉన్నట్లు. మొదళ్లు తడిగా ఉన్న కట్ట బరువు తూగుతుంది, తరువాత బూజు పడుతుంది. ఎండలో రెండురోజులు ఆరబెట్టి ఇమ్మంటే ఇస్తారు.

తడికలకు ఆర్డరు మాఘమాసంలోనే ఇవ్వాలి, సగం ధర ముందుగా తీసుకుంటారు, చీటీ రాసి ఇస్తారు. ఆ చీటీమీద ‘శీతాకాలపు కాల్పు’ అని రాయించుకోండి. నా మొదటి చీటీమీద ఆ మాట ఉంది, రెండోదానిమీద లేదు. ఇచ్ఛాపురం దాకా సరుకు చేరవేసే ఆటో కిరాయి కొనేవారిదే, రెండు మూడు ఇళ్లవారు కలిసి తెప్పించుకుంటే కలిసివస్తుంది. కప్పు నేతగాళ్లు కావలసినవారు ఎండలు ముదరకముందే చెప్పుకోవాలి, చెప్పిన తేదీకి వారం అటూ ఇటూ అవుతుందని ముందే లెక్కవేసుకోవాలి. జమ్ము చాపలు చెరువుల నీటినిబట్టి ఒక్కొక్క ఏడు దొరకవు. తుంగ చాపలు దసరా దాటాక ఎప్పుడు వెళ్లినా ఉంటాయి.